పిల్లలు బడికెళ్ళిపోయాక నర్సు చదువు: ఒడిశా సరిహద్దు తెలుగు ఆడవాళ్ళకు

పర్లాకిమిడి బజారులో కూరలు కొంటుంటేనో, గుణుపురం రైలు కోసం స్టేషన్లో కూర్చుంటేనో, ఎవరో ఒకరు పక్కకు వచ్చి గొంతు తగ్గించి అడుగుతారు: "అప్పా (అంటే మా వైపు అక్కా అని), నాకు ముప్పై మూడు. పిల్లలు బడికెళ్ళిపోతున్నారు. ఇప్పుడు నర్సు చదవొచ్చునా?" ఈ మధ్య వారంలో ఒకరైనా అడుగుతున్నారు. నిలబడి చెప్పే రెండు మాటలతో తేలే విషయం కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను ముప్పై మూడేళ్ళప్పుడు ఏఎన్ఎంలో, అంటే ఊరి సబ్‌సెంటర్లలో పనిచేసే సహాయ నర్సు చదువులో చేరాను, ముప్పై ఎనిమిదికి జీఎన్ఎం, అంటే జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా మొదలుపెట్టాను, ఇప్పుడు నలభై ఐదు దాటి వార్డు డ్యూటీ చేస్తున్నాను. నేను నడిచిన దారి, నాతోపాటు బయల్దేరి దారి తప్పినవాళ్ళ సంగతి, రెండూ చెబుతాను.

ముందుగా పెట్టె తెరిచి పదో తరగతి సర్టిఫికెట్ తీయండి. ఆశ, ఓపిక, ఇంట్లోవాళ్ళ ఒప్పుదల, ఇవన్నీ తర్వాతి సంగతులు.

మొదట పుట్టిన తేదీ

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ మూడింటికీ చేరేనాటికి కనీసం 17 ఏళ్ళు ఉండాలి, 35 దాటకూడదు. "చదువుకు వయసేమిటమ్మా" అని చుట్టాలు ధైర్యం చెబుతారు. వాళ్ళ మంచి మనసుకు దండం పెట్టండి, లెక్క మాత్రం సర్టిఫికెట్ చూసి వేయండి. ఏ తేదీ నాటికి వయసు చూస్తారో ఆ ఏటి ప్రవేశ ప్రకటనలో ఉంటుంది. ఆ వాక్యం రెండుసార్లు చదవండి.

మన పల్లెల్లో ఇంకో చిక్కు ఉంది. మనల్ని బడిలో చేర్చిన రోజున అమ్మకు తేదీ గుర్తుండదు. "తుపాను ఏడు పుట్టింది" అంటుంది. పంతులుగారు జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేస్తారు. నా సర్టిఫికెట్ మీద ఉన్న తేదీకీ నేను పుట్టిన రోజుకీ పది నెలల తేడా. సర్టిఫికెట్లో ఏది ఉంటే అదే మీ వయసు. అఫిడవిట్ రాయించి రెండేళ్ళు తగ్గించుకోవచ్చని కోర్టు దగ్గర ఎవరైనా చెబితే వినకండి. రేపు రిజిస్ట్రేషన్ దగ్గర అన్ని కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఒక ఉదాహరణ. 1993 జూన్‌లో పుట్టినట్టు సర్టిఫికెట్లో ఉంటే 2026 డిసెంబరు 31 నాటికి 33 నిండి ఉంటాయి. ఇంటర్ చేతిలో ఉంటే ఈ ఏడే దరఖాస్తు పెట్టవచ్చు. ఇంటర్ లేకపోతే ఈ నెల నుంచే పుస్తకం పట్టాలి. పండగ వెళ్ళాక చూద్దాం, పెళ్ళి అయ్యాక చూద్దాం అనుకుంటూ ఒక ఏడాది పోతే మళ్ళీ దొరకదు.

పేరు కూడా ఇప్పుడే చూసుకోండి. మనం ఇంటిపేరు ముందు ఒక అక్షరంగా రాసుకుంటాం. ఒడిశా ఫారాల్లో ఇంటిపేరు చివర పూర్తిగా రాయమంటారు. పైగా పెళ్ళయ్యాక ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు ఎక్కుతుంది, పదో తరగతిలో పుట్టింటిది ఉంటుంది. రెండు కాగితాల్లో రెండు పేర్లుంటే కౌంటర్ దగ్గర ఆపేస్తారు. ఆధార్‌ను పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం సరిచేయించుకోవడం తేలిక. సర్టిఫికెట్‌ను ఆధార్ ప్రకారం మార్పించాలంటే నెలలు పడుతుంది.

ఇంటర్, ఇంగ్లీషు, ఒడియా

ఏఎన్ఎంకు ఇంటర్ ప్యాసై ఉండాలి, ఆర్ట్స్ అయినా సైన్స్ అయినా సరే. జీఎన్ఎంకు ఏ గ్రూపైనా ఫర్వాలేదు గాని 40 శాతం మార్కులు, ఇంగ్లీషులో విడిగా ప్యాసు కావాలి. బీఎస్సీకి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ తప్పనిసరి. అందుకే మన వయసువాళ్ళు ఎక్కువమంది మొదటి రెండింటి వైపే చూస్తారు. ఏఎన్ఎం ఆడవాళ్ళ కోర్సు. మగవాళ్ళు జీఎన్ఎం, బీఎస్సీ వైపు చూసుకోవాలి, వయసు లెక్క వాళ్ళకూ ఇదే.

పదితో చదువు ఆపేసినవాళ్ళకు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది, ఎన్ఐఓఎస్ అంటారు. అక్కడ పై వయసు పరిమితి లేదు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి పరీక్షలు పెడతారు. ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులుంటాయి. వాటిని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు, ఆ ఇరవై పోతే చివర్లో గట్టెక్కడం కష్టం. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు ఇంగ్లీషు తప్పకుండా పెట్టుకోండి. అది లేకుండా ఇంటర్ పూర్తిచేసి జీఎన్ఎం గుమ్మం దగ్గర వెనక్కి తిరిగిన అమ్మాయిని నేను చూశాను.

ఇక ఒడియా. పర్లాకిమిడిలోనూ బరంపురంలోనూ తెలుగు మీడియంలో చదివినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల్లో ఒక షరతు ఉంటుంది: ఏడో తరగతి స్థాయి ఒడియా ప్యాసై ఉండాలి. బడిలో ఒడియా ఒక సబ్జెక్టుగా చదివి ఉంటే ఆ మార్కుల కాగితం వెతికి దాచుకోండి. చదవకపోతే ఎంఈ స్థాయి (మిడిల్ స్కూలు స్థాయి) ఒడియా పరీక్ష అని విడిగా ఉంది, అది రాసి ప్యాసవ్వాలి. ఇంట్లో, బజారులో ఒడియా గడగడా మాట్లాడేస్తాం కాబట్టి మనకు ఇది అడ్డుపడుతుందన్న ఆలోచనే రాదు. మాట్లాడటం వేరు, కాగితం వేరు. కోర్సు చదివే రెండు మూడేళ్ళలో ఏదో ఒకప్పుడు దీన్ని పూర్తిచేసేయండి.

35 లోపు ఉంటే నేను చెప్పే వరస

ఏఎన్ఎం రెండేళ్ళు. అందులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. జీఎన్ఎం మూడేళ్ళు. బీఎస్సీ నాలుగేళ్ళు. చిన్న వయసువాళ్ళు ఎవరడిగినా నేరుగా బీఎస్సీకి వెళ్ళమంటాను. ముప్పై దాటి, పిల్లలున్న మనిషి అడిగితే మాత్రం ముందు ఏఎన్ఎం చేయమంటాను. కారణం ఉంది. జీఎన్ఎం వయసు నిబంధనలో 35 అని రాసిన చోటే ఇంకో మాట కూడా రాశారు: ఏఎన్ఎంలకు, వాళ్ళ పని చూసే లేడీ హెల్త్ విజిటర్లకు వయసు అడ్డు లేదు. అంటే 35 దాటకముందే ఏఎన్ఎంలో చేరి, ప్యాసై, రిజిస్టరయితే, ఆ తర్వాత నలభైలో అయినా జీఎన్ఎంకు తలుపు తెరిచే ఉంటుంది. జీఎన్ఎం అయ్యాక రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ కూడా ఉంది. నేను ముప్పై ఎనిమిదేళ్ళకు జీఎన్ఎంలో కూర్చోగలిగానంటే ఆ ఒక్క వాక్యం వల్లే. దాన్ని నాకు చూపించింది మా పాత ట్యూటరమ్మ. లేకపోతే నేను కూడా అయిపోయిందనుకుని ఊరుకునేదాన్ని.

ఏఎన్ఎం చదువులో పెద్ద ఆసుపత్రి కంటే ఊరి ఆరోగ్యమే ఎక్కువ: గర్భిణులు, కాన్పులు, పసిపిల్లల టీకాలు, సబ్‌సెంటర్ రిజిస్టర్లు. ఇద్దరు పిల్లల్ని కని పెంచిన మనిషికి ఆ పాఠాల్లో సగం ఒంట్లోనే ఉంటాయి. మిగతా సగంలో మనం చేసిన తప్పులు కనిపిస్తాయి. పుట్టిన బిడ్డకు ముర్రుపాలు పిండి పారబోయించిన ఇల్లు మాది. క్లాసులో ఆ పాఠం వచ్చిన రోజు నాకు ఏడుపు ఆగలేదు.

35 దాటిపోయి ఉంటే

ఇది చెప్పడం కష్టం, అయినా చెప్పాలి. ఏఎన్ఎం కాకుండా 35 దాటితే రిజిస్టర్డ్ నర్సు అయ్యే మామూలు దారి మూసినట్టే. కానీ రోగి పక్కన నిలబడే పనులన్నీ మూసుకుపోవు.

మొదటిది జనరల్ డ్యూటీ అసిస్టెంట్, జీడీఏ అంటారు. రోగికి ఒళ్ళు తుడవడం, అన్నం పెట్టడం, పక్క మార్చడం, వీల్‌చైర్‌లో తీసుకెళ్ళడం, నర్సుకు చేయందించడం ఈ పని. కొన్ని నెలల శిక్షణ. దీన్ని దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో ఉచితంగా నేర్పుతుంటారు. ఆ పథకంలో మామూలుగా 35 వరకే తీసుకుంటారు గాని ఆడవాళ్ళకు 45 వరకు వీలుంది. మన రాష్ట్రంలో దాన్ని చూసే సంస్థ ఓర్మాస్. పర్లాకిమిడిలో గాని, రాయగడలో గాని, కోరాపుట్‌లో గాని జిల్లా కార్యాలయానికి వెళ్ళి "ఈసారి బ్యాచ్‌లో హెల్త్ కేర్ ట్రేడ్ ఉందా, ఎక్కడ ఉంది, హాస్టల్ ఉందా" అని ఈ మూడూ అడగండి. ఫోన్‌లో తేలదు, మనిషి వెళ్ళాలి.

రెండోది ఆశా, అంటే ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త. 25 నుంచి 45 మధ్య వయసు, ఆ ఊళ్ళోనే కాపురం, చదవడం రాయడం వచ్చి ఉండటం. పుట్టింటి ఊళ్ళో పెళ్ళికాని అమ్మాయిని కాకుండా ఆ ఊరి కోడల్ని, వితంతువుని, భర్తకు దూరంగా ఉంటున్న ఆవిడని తీసుకునేది అందుకే, పెళ్ళయి ఊరు వదిలి వెళ్ళిపోరని. నెల జీతం ఉద్యోగం కాదు, చేసిన పనినిబట్టి పారితోషికం. ఖాళీ వచ్చినప్పుడే అవకాశం, అందుకని మీ సబ్‌సెంటర్ ఏఎన్ఎంతో మాట్లాడుతూ ఉండండి.

మూడోది ఇళ్ళల్లో రోగుల్ని చూసుకునే పని. పక్షవాతం వచ్చినవాళ్ళు, ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినవాళ్ళు, ముసలితనంలో మంచం పట్టినవాళ్ళు. బరంపురంలో, విశాఖలో దీనికి మనుషులు దొరకడం లేదు. జీడీఏ శిక్షణ ఉంటే ఇక్కడ మాటకు విలువ పెరుగుతుంది.

ఒక్క గీత దాటకండి. జీడీఏ నర్సు కాదు. నరానికి సూది వేయమన్నా, మందు మోతాదు నిర్ణయించమన్నా "నాది కాదు సార్, సిస్టర్‌ని పిలుస్తాను" అనండి. చిన్న నర్సింగ్ హోముల్లో మనుషులు తక్కువై ఆ పని మీ చేతిలో పెట్టాలని చూస్తారు. ఏదైనా జరిగితే వేలు మీవైపే చూపిస్తారు.

డబ్బు కట్టే ముందు

మా వదిన సంగతి చెబుతాను. ఆవిడకు అప్పటికి ముప్పై తొమ్మిది. ఒక ఊళ్ళో మేడ మీద రెండు గదుల్లో నడిచే ఒక సంస్థవాళ్ళు "వయసు అడ్డు లేదు, ఏడాదిలో నర్సింగ్ డిప్లొమా, నెలకు నాలుగు రోజులు వస్తే చాలు" అన్నారు. గాజులు తాకట్టు పెట్టి కట్టింది. తెల్ల కోటు ఇచ్చారు, బంగారు రంగు ముద్ర ఉన్న సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రికి వెళితే అక్కడి మేట్రన్ (నర్సుల పెద్ద) చదివి, మడిచి, చేతికిచ్చి "అమ్మా, ఇది ఏ కౌన్సిల్లోనూ ఎక్కదు" అంది. వదిన ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి ఆ సర్టిఫికెట్‌ను బల్ల మీద పెట్టి దాని వైపే చూస్తూ కూర్చుంది. గాజులు విడిపించడానికి రెండేళ్ళు పట్టింది.

అందుకని ఇవి అడగండి. ఏఎన్ఎం, జీఎన్ఎం దూరవిద్యలో ఉండవు. నెలకు నాలుగు రోజులు చాలన్నవాడు ఏమి నేర్పినా అది నర్సింగ్ కోర్సు కాదు. ఆ స్కూలుకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, ఒడిశా నర్సుల, మిడ్‌వైఫ్‌ల రిజిస్ట్రేషన్ కౌన్సిల్ గుర్తింపు ఈ ఏటికి ఉన్నాయా? గోడ మీది ఫ్రేము చూపిస్తే అది ఏ ఏడాదిదో చదవండి. ఎన్ని సీట్లకు అనుమతి ఉంది, ఎంతమందిని చేర్చుకుంటున్నారు? పరీక్ష ఎవరు పెడతారు? ఒడిశాలో ఏఎన్ఎం, జీఎన్ఎం పరీక్షలకు భువనేశ్వర్‌లో బోర్డు ఉంది. "మా పరీక్ష మేమే పెట్టుకుంటాం" అన్నారంటే లేచి వచ్చేయండి.

ఆఖరుది, ప్రాక్టికల్‌కు ఏ ఆసుపత్రికి పంపుతారు? ఒక్కో విద్యార్థికి మూడు పడకలు ఉండాలన్నది కౌన్సిల్ లెక్క. స్కూలు చూడటానికి వెళ్ళినప్పుడు ఆ ఆసుపత్రికి కూడా వెళ్ళండి. వార్డులో పడకల మీద రోగులున్నారా, దుప్పట్లు మడిచి ఉన్నాయా చూడండి. రోగులు లేని ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకోవడమంటే నీళ్ళు లేని చెరువులో ఈత నేర్చుకోవడమే. మన వైపు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, కోరాపుట్‌లో 2017లో మొదలైన శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉంది, రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో క్రైస్తవ ఆసుపత్రి, దాని నర్సింగ్ స్కూలు ఉన్నాయి. రోగులు నిండుగా ఉండే వార్డు ఎలా ఉంటుందో తెలియాలంటే ఇలాంటి చోట్లకు ఒకసారి వెళ్ళి చూసి రండి.

ఇంట్లో మాట్లాడవలసినవి

జీఎన్ఎంలో క్లాసులకూ వార్డుకూ 80 శాతం హాజరు ఉండాలి. ప్రాక్టికల్ అయితే సర్టిఫికెట్ ఇచ్చే నాటికి నూటికి నూరు పూర్తవ్వాలి. చుట్టాల పెళ్ళికి, కొడుకు జ్వరానికి తీసుకున్న ప్రతి సెలవూ చివర్లో మళ్ళీ చేసి తీర్చాలి. చాలాచోట్ల హాస్టల్లోనే ఉండాలంటారు. ఇవన్నీ ఇంట్లో చేరకముందే చెప్పేయండి. "పగలు వెళ్ళి సాయంత్రం వచ్చేస్తాను" అని ఒప్పించి, తర్వాత నైట్ డ్యూటీ పడ్డప్పుడు గొడవైన ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఫీజు ఒక్కటే లెక్కేయకండి. హాస్టల్, యూనిఫాం, బూట్లు, పుస్తకాలు, ప్రాక్టికల్ రికార్డులు, పోస్టింగులకు బస్సు ఛార్జీలు, పరీక్ష ఫీజు, ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి. మీరు ఇప్పుడు కూలికో కుట్టుకో వెళ్ళి సంపాదిస్తున్నది ఈ రెండేళ్ళూ ఆగిపోతుంది, అది కూడా అదే కాగితం మీద రాయండి. మొత్తం చూశాకే మావయ్యతోనో ఇంటాయనతోనో కూర్చోండి. నేను ఆ కాగితం మా ఆయన ముందు పెట్టినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్ను తీసుకుని బస్సు ఛార్జీల పక్కన "ఇది నేను చూసుకుంటాను" అని రాశారు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది.

ఒంటి సంగతి. చేరే ముందు రక్తం పరీక్ష చేయించుకోండి. మన ఆడవాళ్ళలో రక్తం తక్కువగా ఉన్నవాళ్ళే ఎక్కువ, అలా ఎనిమిది గంటలు నిలబడితే కళ్ళు తిరుగుతాయి. దగ్గర చూపు కూడా చూపించుకోండి. ఆంప్యూల్ (సూది మందు ఉండే చిన్న గాజు బుడ్డి) మీది చిన్న అక్షరాలు కనబడక నా పక్క విద్యార్థినిని చదవమని అడిగిన రోజున నాకు చాలా భయమేసింది, మర్నాడే కళ్ళజోడు తెచ్చుకున్నాను. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. వార్డులో అడుగుపెట్టే ముందే మొదలుపెట్టండి.

పుస్తకం, లెక్కలు

ఇరవై ఏళ్ళ తర్వాత పుస్తకం పడితే మొదటి నెల ఏమీ ఎక్కదు. అది తెలివి తక్కువై కాదు, అలవాటు తప్పడమే. నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పొయ్యి వెలిగించే లోపు గంటన్నర చదివేదాన్ని. ఇంగ్లీషు పదాల్ని తెలుగు అక్షరాల్లో ఒక నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని, ఒక వైపు పదం, ఇంకోవైపు మన మాట: ఎడీమా అంటే వాపు, జాండిస్ అంటే పచ్చకామెర్లు. మూడు నెలలకు ఆ నోట్‌బుక్ అవసరం తగ్గిపోయింది.

మనవాళ్ళు ఎక్కువ భయపడేది లెక్కలకు. అవి ఐదో తరగతి లెక్కలే. సెలైన్ చుక్కల లెక్క చూడండి. డాక్టరు 500 ఎంఎల్ సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించమన్నారు. మీ సెట్ ఒక ఎంఎల్‌కు 20 చుక్కలు వదిలేది, ఆ అంకె కవరు మీద ఉంటుంది. 500ను 20తో గుణిస్తే 10,000 చుక్కలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. 10,000ను 240తో భాగిస్తే 41.7, అంటే నిమిషానికి 42 చుక్కలు. ఇప్పుడు గడియారం చేతికి పెట్టుకుని చుక్కలు పడే చాంబర్ వైపు చూడండి. 15 సెకన్లలో పది, పదకొండు చుక్కలు పడాలి. ఎక్కువ పడుతుంటే గొట్టం మీది రోలర్ కొంచెం కిందికి, తక్కువైతే కొంచెం పైకి. సరిచేశాక మళ్ళీ లెక్కపెట్టండి, రోగి చెయ్యి మడిస్తే వేగం మారిపోతుంది.

పసిపిల్లల సిరప్ అయితే ఇంకా జాగ్రత్త. సీసా మీద 5 ఎంఎల్‌లో 125 ఎంజీ అని ఉంది, డాక్టరు 150 ఎంజీ రాశారు. 150ను 125తో భాగించి 5తో గుణిస్తే 6 ఎంఎల్. సీసా మారితే బలం మారుతుంది, అందుకని ప్రతిసారీ సీసా మీది అంకె చదివాకే లెక్క. ఇంట్లో పప్పు కొలిచినట్టు కంటితో కొలవకూడదు. ఇలాంటివి రోజుకు ఐదు చొప్పున రెండు నెలలు చేయండి, భయం పోతుంది.

వార్డులో

మీ తోటి విద్యార్థులకు పద్దెనిమిదేళ్ళుంటాయి. కొందరు ఆంటీ అంటారు, కొందరు అప్పా అంటారు. ట్యూటరు మీకంటే పదేళ్ళు చిన్నదై ఉండవచ్చు. ఆవిణ్ణి "మేడమ్" అని, లేచి నిలబడి పలకరించండి. వార్డులో సీనియారిటీ పనిది, వయసుది కాదు. నేను మొదటి వారం ఒక చిన్న సిస్టర్‌కు "అలా కాదమ్మా" అని చెప్పబోయాను. ఆవిడ ఏమీ అనలేదు, కానీ రెండు రోజులు నాకు పని నేర్పలేదు. క్షమించమని అడిగాక మళ్ళీ మొదలుపెట్టింది.

చేతులు కడగడం కొత్తగా నేర్చుకోవాలి. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు: అరచేతులు, చేతుల వెనుక, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ కొసలు. గాజులు, ఉంగరాలు తీసేయాలి. పసుపుతాడు, నల్లపూసలు లోపలికి వేసుకుంటే సరిపోతుంది, గాజుల విషయంలో మాత్రం రాజీ లేదు. ఇంట్లో అత్తగారు బాధపడితే ఆవిడకు కారణం విడమరిచి చెప్పండి.

బకెట్ల రంగులు మొదటి రోజే నేర్చుకోండి. రక్తంతో తడిసిన దూది, కాన్పులో పడే మాయ పసుపులో. ట్యూబులు, సెలైన్ సీసాలు, గ్లవ్స్ ఎరుపులో. సూదులు, బ్లేడులు తెల్లటి గట్టి డబ్బాలో. గాజు సీసాలు నీలంలో. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకండి, గుచ్చుకోవడాలు ఎక్కువ అక్కడే జరుగుతాయి. గుచ్చుకుంటే పిండకండి, నోట్లో పెట్టుకోకండి. సబ్బుతో, పారే నీళ్ళతో కడిగి వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పండి. హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందు రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వేసుకోవాలి. తిడతారేమోనని దాచిపెట్టినవాళ్ళున్నారు. దయచేసి దాచకండి.

రోగిని లేపేటప్పుడు నడుం వంచకండి. మోకాళ్ళు మడిచి, రోగిని మీ ఒంటికి దగ్గరగా తీసుకుని, కాళ్ళ బలంతో లేవండి. మా అత్తగారికి పక్షవాతం వచ్చి మూడేళ్ళు మంచంలో ఉన్నారు. ఆవిణ్ణి రెండు గంటలకోసారి పక్క మార్చాలని మాకెవరికీ తెలియదు. తుంటి వెనుక ఎర్రగా కమిలితే చాప ఒత్తుకుందనుకున్నాం. వారానికల్లా పుండు పడింది. ఆసుపత్రిలో ఒక సిస్టర్ నా చేతిని పట్టుకుని ఆవిడ మడమ కింద, తుంటి కింద, భుజం ఎముక కింద పెట్టి "ఇక్కడ చూస్తుండు, ఇక్కడే మొదలవుతుంది" అని చూపించింది. నేను నర్సు కావాలనుకున్నది ఆ రోజే. ఇప్పుడు కొత్తగా వచ్చిన పిల్లలకు నేను కూడా మాటతో చెప్పను, చెయ్యి పట్టుకునే చూపిస్తాను.

భాష మీ చేతిలో ఉన్న ఆస్తి

మన వార్డుల్లో ఒకే వరసలో తెలుగు మామ్మ, ఒడియా పిన్ని, కొండ మీది నుంచి దిగిన సవర ముసలాయన పడుకుని ఉంటారు. రాయగడ వైపైతే కువి మాట్లాడేవాళ్ళు. బయటి నుంచి వచ్చిన సిస్టర్లకు ఇది కష్టం, మనకు ఇది పుట్టుకతో వచ్చిన బలం. కానీ జాగ్రత్త కావాలి. ఒడియాలో "ముండ బిందుచి" అంటే తలనొప్పిగా ఉందని. అదే మాటతో తెలుగు మామ్మను పలకరిస్తే ఆవిడ మనసు ఎంత గాయపడుతుందో చెప్పక్కర్లేదు. మంచం దగ్గరికి వెళ్ళగానే ముందు పేరు, ఊరు అడగండి, భాష అదే తెలుస్తుంది.

సవర మాటలు ఒక ముప్పై నేర్చుకోండి: నొప్పి, ఎక్కడ, నీళ్ళు, అన్నం తిన్నావా, మూత్రం వచ్చిందా, భయపడకు. కొండ ఊళ్ళ నుంచి వచ్చిన ఆశా దిదిని అడిగితే ఆనందంగా నేర్పుతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే బడి పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు చదువు చెప్పే ఏర్పాటు చేశారు. ఆయన తిరిగిన వీధుల్లో మనం తిరుగుతున్నాం. సవర ముసలాయన మందు మింగనని మొండికేస్తే, ఆయన భాషలో ఒక్క మాట అంటే తల తిప్పి చూస్తాడు. ఆ తర్వాత మందు వేయడం తేలిక.

ప్యాసయ్యాక

ఫలితం వచ్చిన వెంటనే రాష్ట్ర కౌన్సిల్లో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టండి. ఆ నంబరు లేకుండా చేసే పని నర్సు పనిగా లెక్కకు రాదు. తర్వాత శ్రీకాకుళం, విశాఖ వైపు ఉద్యోగానికి వెళ్ళాలనుకుంటే ఒడిశా కౌన్సిల్ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకుని ఆంధ్రా కౌన్సిల్లో రిజిస్టర్ కావాలి. పాతపట్నం మనకు కూతవేటు దూరమే అయినా కాగితానికి అది వేరే రాష్ట్రం. ప్రభుత్వ ఉద్యోగానికి వయసు పరిమితి విడిగా ఉంటుంది, ప్రకటన వచ్చినప్పుడల్లా చదవండి. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు ఇచ్చే సడలింపు మీకు వర్తిస్తుందేమో చూసుకోండి, కుల ధ్రువపత్రం ఏ రాష్ట్రంలో పనికొస్తుందో కూడా. మొదటి ఏడాది ప్రైవేటులో జీతం తక్కువే ఉంటుంది. ఆ ఏడాది డబ్బు కోసం కాకుండా, రోగులు ఎక్కువ ఉన్నచోట, నేర్పే సిస్టర్లున్నచోట చేయండి.

కొన్నిచోట్ల చేరే రోజున అసలు సర్టిఫికెట్లు ఇచ్చేయమంటారు, ఏడాది దాకా వదిలిపోకుండా. ఇవ్వకండి. చూపించండి, వాళ్ళ ముందే జిరాక్స్ మీద సంతకం పెట్టి ఇవ్వండి, అసలువి మళ్ళీ సంచిలో పెట్టుకోండి. ఒకసారి నేను ఇచ్చేసి, జీఎన్ఎం దరఖాస్తు గడువు దగ్గరపడినప్పుడు వాటి కోసం పదకొండు రోజులు ఆఫీసు బయట కూర్చున్నాను. చివరి రోజు మధ్యాహ్నం మూడింటికి చేతికిచ్చారు. ఇప్పుడు అవి మా ఇంట్లో ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతలో ఉన్నాయి. వాటితోపాటు రిజిస్ట్రేషన్ కార్డు, ఒడియా ప్యాసైన కాగితం, మా ఆయన రాసిన ఆ బస్సు ఛార్జీల కాగితం.